మే ఒకటి దాకా

"ఈ గరిటె కింద పెట్టాక నీ ఇష్టమొచ్చినన్ని తీగలు తగిలించుకో," అన్నాడు ఎల్‌వుడ్ పెక్. గరిటె మాత్రం కింద పెట్టలేదు.

శనివారం మధ్యాహ్నం. షెడ్డు నిండా ఆవిరి. మంచం కంటే పొడవైన స్టీలు పెనంలో మేపుల్ చెట్ల నుంచి కారిన తీపి నీరు కుతకుతా ఉడుకుతోంది. మొన్నటిదాకా గడ్డకట్టి ఉన్న చెట్లు ఎండ తగలగానే ధారగా కార్చడం మొదలుపెట్టాయి. ఆ నీరు నిలవ ఉండదు, ఏ రోజుది ఆ రోజు పాకం పట్టాల్సిందే. మంట మీదున్న పెనాన్ని పది నిమిషాలు వదిలేస్తే పాకం మాడుతుంది, దాంతోపాటు పెనమూ పోతుంది.

నొరీన్ తెబో ఇక అడగలేదు. అతని చొక్కా గుండీలు తనే విప్పి, చెమట తుడిచి, ఛాతీ మీద అంటుబిళ్ళలు ఒక్కొక్కటే అతికించింది. ఊరి అంబులెన్సులో ఇరవై రెండేళ్ళుగా జీతం లేని పని ఆమెది. జీతం, బీమా వచ్చేది బడి వంటశాలలో. తనతో వచ్చిన డ్వైట్ పొయ్యి తలుపు పక్కన నిలబడి రక్తపోటు పట్టీ బిగిస్తున్నాడు.

"ఎప్పుడు మొదలైంది నొప్పి?"

"నొప్పని ఎవరన్నారు? కొంచెం బరువుగా ఉంది. పొద్దుట్నుంచి కట్టెలు మోశాను కదా."

"పదింటికి మొదలైంది," అంది మావిస్ గుమ్మంలోంచి. ఎల్‌వుడ్ భార్య. చేతులు కట్టుకుని, మొగుణ్ణి మింగేసేలా చూస్తోంది. "కట్టెల దొంతర మీద కూలబడిపోయాడు. మొహంలో రక్తం లేదు. ఫోన్ చేస్తానంటే నన్ను నోటికొచ్చినట్టు తిట్టాడు."

"నువ్వు చెయ్యకుండా ఉన్నావా ఏంటి?"

"చేశాను, కానీ రెండు గంటలు ఆగి. అదే నా బుద్ధి తక్కువ."

గుండె కొట్టుకోవడాన్ని గీతలుగా గీసే యంత్రం కాగితాన్ని బయటికి నెట్టింది. నొరీన్ దాన్ని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసింది. ఒక మూల గీత తనకు నచ్చలేదు. నచ్చలేదనడం వేరు, ఇదీ అని తేల్చి చెప్పడం వేరు. ఆస్పిరిన్ నమిలించింది. రేడియోలో ఆస్పత్రి డాక్టరుతో మాట్లాడింది. తీసుకురండి అన్నాడాయన, రెండో మాట లేకుండా.

"గుండెపోటేనా?" ఎల్‌వుడ్ పెనం వంకే చూస్తూ అడిగాడు.

"కావచ్చు. కాకపోవచ్చు. రక్తపరీక్ష చేస్తే గానీ తెలీదు. అది ఆస్పత్రిలోనే చెయ్యాలి."

"అదేదో గుండెపోటేనని అబద్ధం చెప్పి భయపెట్టకూడదూ?"

"నాకు చేతకాదు."

"తెలుసు. అందుకే నిన్ను లోపలికి రానిచ్చాను." నురగ పొంగుకొచ్చింది. ఎల్‌వుడ్ మీగడ గిన్నెలో పుల్ల ముంచి ఒక్క చుక్క విదిలించాడు. పొంగు అణిగిపోయింది. "ఇవాళ మార్చి రెండు. మే ఒకటికి ఎన్నాళ్ళుంది తల్లీ?"

నొరీన్ లెక్క కట్టకూడదనుకుంది. కానీ మనసు అప్పుడే కట్టేసింది. మే నెలలో ఎల్‌వుడ్‌కి అరవై అయిదు నిండుతాయి. ఆ నెల ఒకటో తారీకు నుంచి సర్కారు వైద్యం, మెడికేర్, అతనికీ వస్తుంది. అంతదాకా ఏ బీమా లేదు. రెండేళ్ళ కిందట కట్టడం మానేశాడు. అతని తమ్ముడు ఆస్పత్రిలో మూడు రోజులుండి వచ్చి, ఆ బిల్లుకి తన వాటా అడవి అమ్ముకున్నాడు. ఎల్‌వుడ్ వాటా ఇంకా మిగిలింది. ఈ చెట్లన్నీ అందులోవే.

"అరవై రోజులు," అంది.

"అరవై నాలుగేళ్ళు ఆడిన గుండె, ఇంకో అరవై రోజులు ఆడలేదా?"

చంటిపిల్లలు పుట్టినరోజు కోసం రోజులు లెక్కపెడితే ముద్దొస్తుంది. జుట్టు నెరిసిన మనిషి, ఛాతీ మీద తీగలు వేలాడుతుండగా, తన పుట్టినరోజు ఎప్పుడా అని లెక్కపెడుతుంటే ఒళ్ళు మండిపోతుంది. నొరీన్‌కి మండింది. కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

"నువ్వు రానంటే బలవంతంగా ఎత్తుకెళ్ళే హక్కు నాకు లేదు. నడుస్తుండగా ప్రాణం పోవచ్చు, నిద్రలో పోవచ్చు, ఈ పెనం మీదే పడి పోవచ్చు. ఇవన్నీ చెప్పానని నువ్వు సంతకం పెట్టాలి."

"పెన్నివ్వు."

అంబులెన్సు ఎక్కడానికి నిరాకరించేవాళ్ళ చేత సంతకం చేయించుకునే కాగితం అది. ఎల్‌వుడ్ ఎడమచేత్తో పెనం కలుపుతూనే కుడిచేత్తో గీసేశాడు. సాక్షి గీత దగ్గర నొరీన్ పెన్ను మావిస్ వైపు చాపింది.

"నేను పెట్టను," అంది మావిస్. "ఈయన చావుకి నేను సాక్షినా?"

చివరికి డ్వైట్ పెట్టాడు. ఎల్‌వుడ్ గరిటె పైకెత్తి చూశాడు. పాకం చుక్కలుగా రాలకుండా అంచు పొడుగునా పొరలా జారింది. "చూశావా? నీతో వచ్చి ఉంటే ఇదంతా మాడిపోయేది," అన్నాడు, గెలిచినవాడిలా.

*

ఆదివారం రెండుసార్లు, సోమవారం ఒకసారి నొరీన్ పెక్ వాళ్ళ ఇంటి మీదుగా కారు పోనిచ్చింది. ఆగలేదు. షెడ్డు కప్పు మీద ఆవిరి కనిపిస్తే ఎల్‌వుడ్ బతికి ఉన్నట్టే అనుకుని వెనక్కి తిరిగింది.

సోమవారం సాయంత్రం తన చెల్లెలు పాలెట్ ఇంట్లో, వంటింట్లో కూర్చుని నొరీన్ చిక్కుడు గింజల్లో రాళ్ళు ఏరుతోంది. మర్నాడు ఊరి సభ. ఏటా మార్చి మొదటి మంగళవారం ఊరంతా ఒకచోట చేరి, రోడ్డు మరమ్మతు దగ్గర్నుంచి శాసనసభకు పంపే తీర్మానాల దాకా చేతులెత్తి తేల్చుకుంటుంది. మధ్యాహ్న భోజనానికి ఉడికించిన చిక్కుళ్ళు అక్కాచెల్లెళ్ళ వంతు. ఈసారి పద్నాలుగో అంశం పాలెట్‌ది. బడి బస్సు నడుపుతూ, ఇంటింటికీ తిరిగి సంతకాలు కూడగట్టింది. 'ఈ రాష్ట్రంలో ఉన్న ప్రతి ఒక్కరికీ ప్రభుత్వమే వైద్యం చేయించాలని శాసనసభను కోరడమైనది.' ఒకటే వాక్యం.

ఆ వాక్యానికి నొరీన్ ఒక సవరణ రాసి పెట్టుకుంది. 'ప్రతి ఒక్కరికీ' అన్నచోట 'ముందుగా అరవై ఏళ్ళు నిండినవారికి' అని. ఆ కాగితం పర్సులో ఉంది. ఆ సంగతి పాలెట్‌కి తెలుసు.

"ఇంకా పర్సులోనే ఉందా, లేక చింపేశావా?" పాలెట్ పంది మాంసం ముక్కలు కోస్తూ అడిగింది.

"ఎందుకు చింపాలి?"

"సొంత చెల్లెల్ని ఊరందరి ముందూ కూలదొయ్యడానికి సిగ్గుగా లేదా అని."

"కూలదొయ్యడం కాదే. పదేళ్ళ కిందట ఇలాగే అందరికీ, అందరికీ అని చేతులెత్తాం. రాజధానిలో వాళ్ళూ చేతులెత్తారు, కాకపోతే మావల్ల కాదని. అందరికీ అన్నారు, ఎవరికీ రాలేదు. ఈసారి కొందరికైనా రానీ. అయిదేళ్ళు కిందికి దించమంటే, లెక్క ఇంత అని చెప్పొచ్చు, వాళ్ళూ కాదనలేరు."

"కొందరికి ఇస్తే మిగతావాళ్ళ గొడవ ఎవడు పట్టించుకుంటాడు? వచ్చినవాళ్ళు ఇంటికెళ్ళి తలుపేసుకుంటారు. ఈ అరవై అయిదు గీత కూడా అప్పట్లో మొదటి మెట్టేనన్నారట. నాన్న చెప్పేవాడు గుర్తులేదా? రెండో మెట్టు కోసం చూస్తూ చూస్తూ పోయాడు."

"ఆ మొదటి మెట్టు లేకపోతే అమ్మకి ఆ చివరి నాలుగేళ్ళు వైద్యం ఎవరు చేయించేవాళ్ళు? నువ్వా, నేనా?"

పాలెట్ కత్తి ఆగింది. స్వరం తగ్గించి అంది: "సరే అక్కా. ఒక్కటి చెప్పు. ఎక్కడో ఒకచోట గీత గీశావనుకో. గీతకి ఇవతల నిలబడ్డవాడు ఏం చెయ్యాలి?"

నొరీన్ వేళ్ళ మధ్య ఒక గింజ అలాగే ఉండిపోయింది. షెడ్డూ, ఆవిరీ, ఎడమచేత్తో పెనం కలుపుతూ కుడిచేత్తో పెట్టిన సంతకమూ కళ్ళ ముందుకొచ్చాయి. అంబులెన్సు పనిలో చూసింది బయట చెప్పకూడదు, కట్టుకున్నవాడికైనా, తోడబుట్టినదానికైనా.

"ఆగాలి," అంది.

"ఎవరక్కా ఆగుతోంది?" పాలెట్ చటుక్కున తిరిగింది. "ఎవరో ఉన్నారు. నీ మొహం చూస్తే తెలుస్తోంది."

"ఎవరూ లేరు, రాళ్ళు ఏరనీ."

"అబద్ధం చెప్పడం నీకు పుట్టుకతోనే రాదు. ఉన్నదున్నట్టు చెప్తావు, లేకపోతే నోరు మూసుకుంటావు. ఆ రెండింటితోనూ జనం ఎక్కడికీ కదలరు," అంది పాలెట్, గింజల మీద నీళ్ళు పోస్తూ.

*

మంగళవారం పొద్దున బడి ఆటల హాల్లో మడత కుర్చీలన్నీ నిండాయి. నొరీన్ అన్నిటికంటే వెనక వరసలో, తలుపు పక్కన కూర్చుంది. అంబులెన్సు వాళ్ళు ఎక్కడైనా తలుపు పక్కనే కూర్చుంటారు. డ్వైట్ బయట బండిలో ఉన్నాడు. మూడో వరస చివరి కుర్చీలో ఎల్‌వుడ్ కనిపించగానే ఆమె ప్రాణం లేచొచ్చింది, మెడ వెనక చర్మం చూడగానే మళ్ళీ జారిపోయింది. బూడిదరంగులో ఉంది. పక్కన మావిస్ లేదు. ఇవాళా చెట్లు కారుతున్నాయి, ఆమె పెనం దగ్గర ఉండిపోయి ఉంటుంది.

పదకొండు దాటాక అధ్యక్షుడు గైల్స్ పద్నాలుగో అంశం చదివాడు. ఇరవై ఏళ్ళుగా సభ నడుపుతున్నాడు. ఒక్కసారి కూడా తన మనసులో మాట బయటపెట్టలేదని పేరు. పాలెట్ లేచి మాట్లాడింది. బాగా మాట్లాడింది. చప్పట్లు ఇంకా ఆగకముందే నొరీన్ లేచింది.

"సవరణ ఉంది, అధ్యక్షా."

చదివింది. చెల్లెలి వైపు చూడకుండా, ముందు రాసుకున్నదే చెప్పింది: దొరికేది అడుగుదాం, దొరికాక ఇంకోటి అడుగుదాం. హాల్లో గొణుగుడు మొదలైంది. పాడి పశువుల కొట్టం నడిపే ముసలి ఓరిన్ లేచాడు. అతనికి తీర్మానం, సవరణ రెండూ గిట్టవు, సర్కారంటేనే గిట్టదు.

"అక్కాచెల్లెళ్ళిద్దరూ తెగ ఏడిపిస్తున్నారు. నాకు కథలొద్దు. వైద్యానికి వయసు రావాలని, పుట్టినరోజు కోసం, చావు అంచున కూర్చుని ఎదురుచూసేవాణ్ణి ఈ ఊళ్ళో ఒక్కణ్ణి చూపించండి. ఒక్కణ్ణి! నొరీన్, నీకు తెలియని ఇల్లుందా? చెప్పు."

హాలంతా వెనక్కి తిరిగింది. తిరగంది ఒక్క ఎల్‌వుడ్. తల వంచుకుని తన బూట్ల వంక చూస్తున్నాడు.

నొరీన్ నోరు తెరిచింది. ఒక్క పేరు చెబితే చాలు, సవరణ గెలుస్తుంది. ఒక్క పేరు చెబితే చాలు, రేపట్నుంచి ఈ ఊళ్ళో ఒక్క ఇల్లూ ఆమెకు తలుపు తియ్యదు.

"పేర్లు చెప్పే పని నాది కాదు, ఓరిన్," అంది.

"అంటే లేరన్నమాట," అన్నాడతను, అందరి వంకా చూసి. కొందరు నవ్వారు.

అప్పుడు ఎల్‌వుడ్ లేచాడు, కుర్చీ వీపు పట్టుకుని. "ఆ పిల్ల జరిగే పని చెప్పింది. ఓటు దానికే," అన్నాడు. ఆ నాలుగు మాటలకే మధ్యలో ఒకసారి ఊపిరి తీసుకున్నాడు. కూర్చున్నాడు. అతను మితభాషి అని ఊరందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

నోటి ఓటు పెట్టారు. 'ఔను'లూ 'కాదు'లూ సమానంగా వినిపించాయి. గైల్స్ కాసేపు చెవి రిక్కించి, "తేలలేదు. మనుషుల్ని లెక్కపెట్టాల్సిందే. సవరణ కావాలనేవాళ్ళు లేచి నిలబడండి. నేను చెప్పేదాకా ఎవరూ కూర్చోవద్దు, కదలొద్దు," అన్నాడు.

సగం హాలు లేచింది. లెక్కపెట్టేవాళ్ళిద్దరు ముందు వరస నుంచి బయల్దేరి, ఒక్కొక్క తల దగ్గరా వేలు చూపిస్తూ, పెదాలు కదుపుతూ వస్తున్నారు. మొదటి వరస. రెండో వరస. మూడో వరసలో ఎల్‌వుడ్ దగ్గర వేలు ఆగి, ముందుకు సాగింది. అతని ఓటు పడింది. నొరీన్ కళ్ళు అతని చేతి మీదే ఉన్నాయి. కుర్చీ వీపు పట్టుకున్న వేళ్ళు తెల్లబడ్డాయి. అయిదో వరస. ఇక కూర్చో మహానుభావా, అని లోలోపల బతిమాలింది. కూర్చోడు, కూర్చోవద్దన్నారు కదా. ఎనిమిదో వరస. రెండో చెయ్యి మెల్లగా కోటు లోపలికి వెళ్ళింది.

తన వరసకి ఇంకా మూడు వరసలున్నాయి. ఒక్క నిమిషం. నిమిషం నిలబడితే తన ఓటూ పడుతుంది. నొరీన్ మందుల సంచీ అందుకుని కుర్చీల మధ్య దారిలోకి వచ్చేసింది.

"నొరీన్, కదలకు, లెక్క తప్పుతుంది!" అన్నాడు లెక్కపెట్టేవాడు.

"నన్ను వదిలెయ్."

దగ్గరికెళ్ళి అతని చంక కింద భుజం పెట్టింది. "ఇంకా కూర్చోమనలేదుగా," అన్నాడు ఎల్‌వుడ్. నుదుటి మీద చెమట చుక్కలు కట్టింది.

"సాయం కావాలా?" అడిగాడు గైల్స్.

ఎల్‌వుడ్ కానివ్వండి, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. తన కాళ్ళ మీదే నడిచాడు. గాలి కోసం వెళ్తున్నాడనుకున్నారంతా.

వసారాలో పిల్లల వ్యాయామం చాపలున్నాయి. ఒకదాని మీద కూర్చోబెట్టి వీపు గోడకి ఆనించింది. రేడియోలో డ్వైట్‌ని పిలిచింది. మళ్ళీ అంటుబిళ్ళలు, మళ్ళీ తీగలు. ఈసారి కాగితం మీద గీతలో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

"ఎల్‌వుడ్, ఇది గుండెపోటు. ఇప్పుడు తేల్చి చెప్తున్నా."

"యాభై ఏడు రోజులు," అన్నాడు కళ్ళు మూసుకునే.

"యాభై ఏడు గంటలు కూడా లేవు."

"ఆ చెట్లు మావిస్‌వి. నేను పోతే ఆవిడకవే దిక్కు. నేను బండి ఎక్కితే అవీ పోతాయి. పెన్నివ్వు తల్లీ."

స్ట్రెచరు తోసుకుంటూ డ్వైట్ వచ్చాడు. హాలు తలుపు పక్కనుంచి వస్తూ విన్నదేమో, ఆగలేక చెప్పేశాడు: "అరవై ఒకటి, అరవై ఒకటి. సమానం. సమానమైతే సవరణ వీగిపోయినట్టేనని గైల్స్ చెప్పేశాడు."

ఎల్‌వుడ్ కళ్ళు తెరిచాడు. "నువ్వు లెక్కలోకి రాలేదా?"

"రాలేదు."

"పిచ్చిదానా. ఒక్క నిమిషం నిలబడలేకపోయావా? నీ సొంత సవరణ!"

పడని ఓటు గురించి బాధ రావాలి కదా అని నొరీన్ లోపల వెతుక్కుంది. రాలేదు. చేతిలో అట్ట ఉంది, అట్టకి ఆ సంతకం కాగితం ఉంది, కాగితానికి పెన్ను వేలాడుతోంది. ఎల్‌వుడ్ చెయ్యి చాపాడు. ఇవ్వకుండా ఉండే హక్కు ఆమెకు లేదు. ఇవ్వడానికి చెయ్యి కదలడం లేదు.

అప్పుడే హాల్లోంచి 'ఔను' అని ఒక్కపెట్టున కేక వినిపించింది. గోడ అదిరింది. 'కాదు' కూడా వచ్చింది గానీ పలచగా ఉంది. తర్వాత చప్పట్లు, కాళ్ళతో నేల తొక్కడం, అందులో పాలెట్ ఈల.

"ఏంటది?" అన్నాడు ఎల్‌వుడ్.

"పద్నాలుగో అంశం. నెగ్గింది."

"ఏది, అందరికీ అన్నదా?"

"అందరికీ."

అది వట్టి విన్నపం. ఊరు రాసే ఉత్తరం. రాజధానిలో ఎవరో గుమాస్తా దాని మీద ముద్ర కొట్టి ఫైల్లో పెడతాడు. పదేళ్ళ కిందటిది ఇప్పటికీ అక్కడే ఉండి ఉంటుంది. ఆ సంగతి నొరీన్‌కి తెలుసు. ఇరవై ఊరి సభలు చూసిన ఎల్‌వుడ్‌కీ తెలుసు.

అతను గోడకి తల ఆనించి ఆమె మొహంలోకి చూశాడు. "ఎప్పట్నుంచి అమలు?"

డ్వైట్ ఏదో చెప్పబోయి, నొరీన్ మొహం చూసి ఆగిపోయాడు.

"ఇవాళ్టి నుంచే," అంది నొరీన్.

అనగానే చెవులు వేడెక్కాయి. అబద్ధమని అతనికి తెలిసిపోయి ఉంటుందని ఆమెకు తెలుసు. చిన్న పిల్లకైనా తెలిసిపోయేంత పేలవంగా చెప్పింది. అయినా కళ్ళు దించుకోలేదు. ఎల్‌వుడ్ చాలాసేపు అలాగే చూశాడు. చాపిన చెయ్యి నెమ్మదిగా తన ఒళ్ళోకి వాలిపోయింది. పెదవి ఒక పక్కకి వంకర తిరిగింది. అది నవ్వో, నొప్పో ఆమెకు అర్థం కాలేదు.

"అయితే మే దాకా ఆగక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

"సరే," అన్నాడు. డ్వైట్ చేతులు చంకల కింద దూరుతుంటే అడ్డం చెప్పలేదు. "మావిస్‌కి ఫోన్ చెయ్యి. పెనం కింద మంట తీసెయ్యమను."